చైనా పట్టు చిత్రాల్లో జంతువులకు ప్రాణం ఎక్కడి నుంచి వస్తుంది?

మీరు అడిగిన దాంట్లో నిజానికి మూడు ప్రశ్నలున్నాయండి. పాత చైనా పట్టు చిత్రాల్లో పిల్లులు, పక్షులు, కుందేళ్లు నీడలు కూడా లేకుండానే అంత సజీవంగా ఎలా ఉంటాయన్నది ఒకటి. ఒక్కో జంతువుకూ ఒక్కో అర్థం ఉంటుందట, ఆ జాబితా కావాలన్నది రెండోది. చీరల కొట్లో కొన్న తెల్ల పట్టుగుడ్డ మీద పిల్లిని వేయబోతే రంగు నాలుగు వైపులా పాకిపోయింది, ఏం చేయాలన్నది మూడోది.

నేను శ్రీకాళహస్తి పద్ధతి కలంకారీతో మొదలుపెట్టి, తర్వాత చైనావాళ్ల గోంగ్‌బీ అనే సన్నపని వైపు మళ్లినవాణ్ని. రెండు రకాల గుడ్డలూ చేతికి అలవాటే కాబట్టి తెలిసినంతలో చెబుతాను. జాబితా సంగతి మాత్రం వెనక్కి నెడుతున్నాను. చాలామంది అక్కడి నుంచే మొదలుపెట్టి, బొమ్మ చూడకుండానే బొమ్మకి అర్థం చెప్పేస్తుంటారు. నా లెక్కలో జంతువు ముందు, అర్థం తర్వాత. ఆ చిత్రకారులు పని చేసిన వరస కూడా అదే.

ముందు ఒక్క చిత్రం తీరుబడిగా చూద్దాం. తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో త్సుయ్ బాయ్ అనే ఆయన వేసిన పెద్ద పట్టు చిత్రం ఉంది. నిలువు దాదాపు 194 సెంటీమీటర్లు, అడ్డం 103. సంవత్సరం 1061, అంటే మన దగ్గర రాజమహేంద్రవరంలో నన్నయ భారతం తెలిగించిన తరం. చిత్రకారుడు చెట్టు మాను మీద, బెరడు గీతల్లో కలిసిపోయేలా, తన పేరూ సంవత్సరమూ రాసుకున్నాడు. అందుకే తేదీ మీద పేచీ లేదు.

బొమ్మలో ఉన్నది ఇంతే. కింద ఒక కుందేలు, పైన కొమ్మల దగ్గర పొడవు తోకల మాగ్‌పై పక్షులు రెండు. మాగ్‌పై అంటే కాకి జాతిదే. గోల చేయడంలోనూ కాకికి ఏమాత్రం తీసిపోదు. ఒకటి గాల్లో ఎగిరివస్తోంది, ఇంకోటి కొమ్మ మీద వంగి, రెక్కలు విప్పి, నోరు తెరిచి తిడుతోంది. కుందేలు ముందుకాలు ఒకటి ఎత్తి, నడక మధ్యలో ఆగి, తల వెనక్కి తిప్పి పైకి చూస్తోంది. గాలికి వెదురూ గడ్డీ ఒకే వైపు వంగిపోయాయి. ఆకులు చాలావరకు రాలిపోయాయి. చలికాలం ముంగిట ఒక చిన్న గొడవ, అంతకు మించి ఏం లేదు.

ఇప్పుడు మ్యూజియం వాళ్ల వెబ్‌సైట్లో ఉన్న పెద్ద ఫొటోలో కుందేలు ఒంటి మీదకి వెళ్లండి. శరీరం చుట్టూ ఒక్క గట్టి గీత ఉండదు. పొట్టి పొట్టి వెంట్రుకల గీతలే ఒకదాని మీద ఒకటి పడి, అవి ఎక్కడ ఆగితే అక్కడ ఒళ్లు ఆగుతుంది. వీపు మీద ఒక వాలు, తొడ దగ్గర ఇంకో వాలు, పొట్ట కింద పలుచన. పక్షులకి వస్తే పద్ధతి మారిపోతుంది. ఈకలకి శుభ్రంగా అంచు గీత గీసి, లోపల రంగు నింపాడు. గట్టు దగ్గరికి వస్తే మళ్లీ ఇంకోలా, కుంచె విదిలించినట్టు మొరటుగా, వేగంగా లాగేశాడు. ఒకే పట్టు మీద మూడు రకాల చేతివాటం. కళ్లు తెలియకుండానే మెత్తటి బొచ్చు దగ్గర ఆగిపోతాయి, ఎందుకంటే మిగతాదేదీ అంత మెత్తగా లేదు.

ఈ బొచ్చు పని ఎలా చేస్తారో కొంచెం వివరంగా చెబుతాను, మీ మొదటి ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

మొదట పల్చటి సిరాతో జంతువు ఆకారాన్ని తేలిగ్గా కడతారు. తర్వాత ఒంట్లో గుంటలు పడే చోట్ల, అంటే చెవి మొదట్లో, మెడ మడతలో, కాలు పొట్టకి కలిసే చోట, పల్చటి సిరా పూస్తారు. దీనికి ఒకే చేతిలో రెండు కుంచెలు పట్టుకుంటారు, ఒకదాంట్లో రంగు, ఒకదాంట్లో ఉత్త నీళ్లు. రంగు కుంచెతో ఒక్క గీత పెట్టి, అది ఆరేలోపు వేళ్లలోనే కుంచె మార్చి, నీళ్ల కుంచెతో దాని అంచుని బయటికి లాగుతారు. ఒక పక్క ముదురు, ఇంకో పక్క ఏమీ లేనంత పల్చన. ఆరనిస్తారు. మళ్లీ పూస్తారు. ఒకేసారి ముదురు రంగు దింపేస్తే మచ్చ పడుతుంది, పది పల్చటి పూతలు వేస్తే లోతు వస్తుంది. మధ్యమధ్యలో కింది పూతలు చెదరకుండా పల్చటి పటిక నీళ్లు కూడా కొడతారు. మూడు పటికలు, తొమ్మిది పూతలు అని వాళ్లలో ఒక వాడుక ఉంది. అంకెలు పట్టించుకోనక్కర్లేదు, ఓపిక గురించి చెప్పిన మాట అది.

వెంట్రుకలు ఆ తర్వాతే. కుంచెలో తడి చాలావరకు తీసేసి, మొనని పళ్లెం అంచుకి నొక్కి విచ్చదీస్తారు. అప్పుడది ఒక్క మొనగా కాకుండా నాలుగైదు సన్న మొనలుగా చీలుతుంది. ఒక్క తాకుకి నాలుగైదు వెంట్రుకలు పడతాయి. వెంట్రుక మొలిచే దిక్కులోనే గీత వెళ్లాలి. ముక్కు మీద నుంచి నుదుటికి పైకి, కళ్ల పక్క నుంచి చెంపల వెనక్కి, మెడ మీద కిందికి. పిల్లి పెంచేవాళ్లు ఒకసారి వేలితో దాని ముఖం నిమిరి చూడండి, ఏ దిక్కున నునుపుగా ఉందో, ఏ దిక్కున ఎదురు తిరుగుతుందో. ఒక వరస వేసి, దాని మీద మళ్లీ పల్చటి రంగు పూసి, మళ్లీ ఇంకో వరస. కింది వెంట్రుకలు పూత కింద మసకబారి లోపలివిలా కనిపిస్తాయి, పైవి బయటివిలా. దళసరి అంతా అక్కడి నుంచే వస్తుంది. మీసాలు అన్నిటికన్నా ఆఖర్న, మొదలు నుంచి కొసకి ఒక్క ఊపులో.

పట్టుకి మాత్రమే ఉన్న ఇంకో సౌకర్యం ఉంది. పట్టు పల్చన, వెలుతురుకి పట్టి చూస్తే అవతల కనిపిస్తుంది. అందుకని తెల్ల పక్షికో, తెల్ల పిల్లికో తెలుపుని గుడ్డ వెనక వైపు నుంచి పూస్తారు. ముందు వైపు సన్న గీతలు మూసుకుపోవు, కానీ ఒళ్లు నిండుగా కనిపిస్తుంది. పుస్తకాల్లో అచ్చయిన బొమ్మ చూసి, ఆ తెలుపు ఎలా తెచ్చారో తెలియక ముందు వైపే తెల్లరంగు మెత్తేసేవాళ్లని చాలామందిని చూశాను. సున్నం కొట్టినట్టు వస్తుంది.

నీడల సంగతి. వాళ్ల చిత్రాల్లో వెలుతురు ఒక పక్క నుంచి పడదు. గుంట పడిన చోటు ముదురు, ఎత్తుగా ఉన్న చోటు లేత, అంతే. జంతువు పొద్దున చూసినా సాయంత్రం చూసినా దాని ఒంటి ఆకారం అదే కదా, వాళ్లకి కావలసింది ఆ ఆకారమే. ఇటలీ నుంచి 1715లో చైనా వచ్చి, బీజింగ్ కొలువులో లాంగ్ షినింగ్ పేరుతో పనిచేసిన చిత్రకారుడు కాస్తిల్యోనే ఈ లెక్కని కొంత మార్చాడు. ఆయన 1728లో ముగించిన వంద గుర్రాల చిత్రం కూడా పట్టు మీదదే, పొడవు ఏడు మీటర్ల పైచిలుకు. అక్కడ గుర్రాల ఒళ్లు యూరప్ పద్ధతిలో గుండ్రంగా తిరుగుతాయి, అయినా రంగులూ సిరా చైనావే. అద్భుతమైన పని, కాదనను. నాకు మాత్రం త్సుయ్ బాయ్ కుందేలు పక్కన ఆ గుర్రాలు కాస్త బొమ్మకొలువు గుర్రాల్లా అనిపిస్తాయి.

సరే, చేతిపని ఒక సగం. రెండో సగం చూపు.

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు తత్వవేత్త హాన్ ఫెయ్ ఒక కథ చెప్పాడు. ఒక రాజు చిత్రకారుణ్ని అడిగాడట, వేయడానికి అన్నిటికన్నా కష్టమైనదేది అని. కుక్కలూ గుర్రాలూ అన్నాడు. మరి తేలికైనవో? దెయ్యాలు. కుక్కనీ గుర్రాన్నీ అందరూ పొద్దున లేస్తే చూస్తారు, ఎక్కడ తేడా వచ్చినా పట్టేస్తారు. దెయ్యాన్ని ఎవరూ చూడలేదు. తర్వాతి వెయ్యేళ్ల జంతు చిత్రాలకి ఇంతకన్నా మంచి ముందుమాట లేదు.

10వ శతాబ్దంలో చెంగ్దూ కొలువులో హువాంగ్ చువాన్ అనే చిత్రకారుడు ఉండేవాడు. ఆయన పట్టు చిత్రం ఒకటి బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది, 41.5 సెంటీమీటర్లు నిలువు, 70.8 అడ్డం. దాంట్లో పది పక్షులు, పన్నెండు పురుగులు, రెండు తాబేళ్లు, దేనికీ దేనితో సంబంధం లేకుండా చెల్లాచెదురుగా. కథ లేదు, కొమ్మ లేదు, నేల లేదు. మూలన చిన్న అక్షరాలతో కొడుకు జూబావ్ సాధన చేసుకోవడానికి ఇచ్చినట్టు రాసి ఉంది. అంటే కొడుక్కి తండ్రి ఇచ్చిన అభ్యాస పత్రం అన్నమాట! కీచురాయి (సికాడా) రెక్కలోంచి అవతల ఒళ్లు కనిపిస్తుంది. ఒక పిచ్చుక పిల్ల రెక్కలు ఆడిస్తూ, నోరు తెరిచి ఎదురుగా ఉన్న పెద్ద పిచ్చుకని తిండి అడుగుతుంది. తాబేళ్లని పైనుంచి ఏటవాలుగా చూసినట్టు వేశాడు, ఆ చూపు కుదరడం ఎంత కష్టమో వేసి చూసినవాళ్లకే తెలుస్తుంది. సిరా గీత ఉంది గానీ రంగు పూతల కింద దాదాపు మాయమైపోయింది. మీరు సాధన మొదలుపెట్టాలంటే ఈ చిత్రానికి మించిన గురువు లేడు.

ఇక 11వ శతాబ్దపు యీ యువాన్‌జీ. ఆయన మొదట్లో పూలూ పండ్లూ వేసేవాడు. అందులో తనకన్నా దిట్టలు ఉన్నారని గ్రహించి, పాతవాళ్లు ఎవరూ సరిగ్గా పట్టుకోని దాన్ని పట్టుకోవాలని గిబ్బన్‌ల వైపు తిరిగాడు. గిబ్బన్ అంటే తోక లేని, పొడవు చేతుల కోతి. వాటికోసం కొండల్లోకి వెళ్లి, అక్కడి ఇళ్లల్లో నెలల తరబడి ఉండిపోయేవాడట. చాంగ్షాలో తన ఇంటి వెనక గుంటలు తవ్వి, రాళ్లూ వెదురూ పెట్టి, నీటి పక్షుల్ని పెంచి, కిటికీకి చేసిన రంధ్రంలోంచి అవి తమ మానాన తాముండగా చూసేవాడు. ఆయన పేరు మీద ఉన్న పట్టు చిత్రం ఒకటి తైపేలో ఉంది, కోతీ రెండు పిల్లికూనలూ. కోతిని గుంజకి కట్టేశారు. అది ఒక కూనని ఎత్తుకుని పొదివి పట్టుకుంది, కూన నోరు తెరిచి ఏడుస్తోంది, రెండోది కొంచెం దూరంలో తిరిగి చూస్తూ కస్సుమంటోంది. కోతి ముఖంలో ఉన్న ఆ తృప్తి చూస్తే నవ్వు ఆపుకోలేం.

చూపు తప్పితే ఎవరు పట్టుకుంటారో చెప్పే కథ ఒకటి 11వ శతాబ్దపు కవి సూ షి రాసిపెట్టాడు. సిచువాన్‌లో ఒక పెద్దమనిషి దగ్గర దాయ్ సుంగ్ అనే పాత చిత్రకారుడు వేసిన ఎద్దుల పోట్లాట చిత్రం ఉండేది. జరీ సంచిలో పెట్టి, ఎక్కడికెళ్లినా వెంట ఉంచుకునేవాడు. ఒకరోజు ఎండ తగలడానికి బయట పెడితే పశువులు కాసే కుర్రాడు చూసి చప్పట్లు కొట్టి నవ్వాడు. పోట్లాడే ఎద్దు బలమంతా కొమ్ముల్లో ఉంటుంది, తోక రెండు కాళ్ల మధ్య ముడుచుకుంటుంది, ఇందులో తోకలు ఎగరేసి పోట్లాడుతున్నాయేంటి అన్నాడు. పెద్దమనిషి నవ్వి ఒప్పుకున్నాడు. మన ఊళ్లల్లో ఎద్దుల్నీ ఆంబోతుల్నీ చూస్తూ పెరిగినవాళ్లకి ఈ కథ చెబితే, కుర్రాడి మాట నిజమా కాదా అని వెంటనే రెండు జట్లుగా విడిపోతారు. అదే ఈ కథలోని మజా.

అదే సూ షి ఇంకోచోట హువాంగ్ చువాన్‌ని తప్పుపట్టాడు. ఎగిరే పక్షికి మెడా కాళ్లూ రెండూ చాచి వేశాడట. మెడ ముడిస్తే కాళ్లు చాస్తుంది, కాళ్లు ముడిస్తే మెడ చాస్తుంది గానీ రెండూ చాచే పక్షి లేదన్నాడు. ఇది పూర్తిగా ఒప్పుకోలేం. మన చెరువుల మీద తెల్లకొంగ మెడ ముడుచుకునే ఎగురుతుంది, నిజమే. సారస పక్షి మాత్రం మెడా కాళ్లూ రెండూ చాచే పోతుంది. చక్రవర్తి హుయ్‌జోంగ్ పేరు మీద ఉన్న సారసాల చిత్రంలో అవి అలాగే ఎగురుతున్నాయి.

హుయ్‌జోంగ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆయన సంగతి కూడా. 1100లో గద్దెనెక్కిన సుంగ్ వంశపు చక్రవర్తి, స్వయంగా చిత్రకారుడు, కొలువు చిత్రకారులకి పరీక్షలు పెట్టినవాడు. నెమలి దిబ్బ ఎక్కుతున్నట్టు వేయమంటే అందరూ కుడికాలు ముందు ఎత్తినట్టు వేశారట. ఆయన ఒప్పుకోలేదు, కొన్నాళ్లయ్యాక మళ్లీ పిలిచి, నెమలి ఎత్తుకి ఎక్కేటప్పుడు ఎడమకాలే ముందు ఎత్తుతుంది అన్నాడు. నెమలి నిజంగా అంత నియమం పాటిస్తుందా అన్నది వేరే సంగతి, పొలాల్లో నెమళ్లు తిరిగే ఊళ్లవాళ్లు ఈసారి చూసి చెప్పండి. కొలువులో ఏ స్థాయి చూపుని ఆశించేవారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడొక సవరణ. ‘చైనా జంతు చిత్రాలు’ అనగానే నెట్‌లో కనిపించే పేరున్నవి అన్నీ పట్టు మీదవి కావు. 750 ప్రాంతంలో హాన్ గాన్ వేసిన, గుంజకి కట్టిన తెల్లగుర్రం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నది, కాగితం మీద. హాన్ హువాంగ్ అయిదు ఎద్దులూ కాగితమే. 1244లో చెన్ రోంగ్ వేసిన తొమ్మిది డ్రాగన్లూ కాగితమే. చైనావాళ్లే అంటారు, పట్టుకి ఆయుష్షు ఎనిమిది వందలు, కాగితానికి వెయ్యి అని. అలాగే పట్టు అంటే సన్నపనే అనుకోకండి. 13వ శతాబ్దపు బౌద్ధ భిక్షువు మూచీ వేసిన తల్లి గిబ్బన్, పిల్లా, ఇప్పుడు క్యోటోలోని దైతోకుజి ఆలయంలో ఉన్నాయి. అవి పట్టు మీదే, కానీ సిరాతో తడితడిగా, వెంట్రుక లెక్క పెట్టే ప్రయత్నమే లేకుండా వేసినవి.

ఇప్పుడు అర్థాల జాబితా. ఉంది, అది పెద్ద రహస్యమూ కాదు. చైనా భాషలో ఒకేలా వినిపించే మాటలు చాలా ఎక్కువ, ఆ పోలికే ఈ అర్థాలకి మూలం. జింక పేరు కొలువు జీతంలా, గబ్బిలం పేరు భాగ్యంలా, చేప పేరు మిగులులా పలుకుతాయి. పిల్లీ సీతాకోకచిలకా కలిసి వస్తే డెబ్భై, ఎనభై ఏళ్ల నిండు వయసుకి దీవెన. మాగ్‌పై పేరులోనే సంతోషం ఉంది, రెండు మాగ్‌పైలు జంట సంతోషం. సారసమూ దేవదారూ దీర్ఘాయువు. ఆడామగా బాతుల జంట అంటే దాంపత్యం. పుట్టినరోజుకో, పదవి వచ్చినందుకో కానుకగా ఇచ్చే చిత్రాల్లో, ముఖ్యంగా మింగ్, చింగ్ వంశాల కాలంలో, ఈ లెక్కలు బాగా నడిచాయి.

కానీ జాబితా చేతిలో పెట్టుకుని త్సుయ్ బాయ్ దగ్గరికి వెళ్లండి. ఆ చిత్రాన్ని ఇవాళ అందరూ ‘జంట సంతోషం’ అనే పిలుస్తారు, రెండు మాగ్‌పైలు ఉన్నాయి కాబట్టి. తీరా చూస్తే అందులో సంతోషం ఎక్కడుంది? పక్షులు అరుస్తున్నాయి, కుందేలు బిత్తరపోయింది, గాలి కోసేస్తోంది. జాబితా నమ్ముకుంటే చిత్రంలో ఉన్నది మొత్తం చేజారుతుంది.

జిరాఫీ కథ ఇంకా బాగుంటుంది. 1414లో బెంగాల్ సుల్తాన్ మింగ్ చక్రవర్తి యోంగ్‌లేకి ఒక జిరాఫీని కానుకగా పంపాడు. ఆఫ్రికా జంతువు, బెంగాల్ మీదుగా చైనాకి చేరింది. కొలువులో దాన్ని మంచి రాజు పాలనలో మాత్రమే కనిపించే చీలిన్ అనే పురాణ జంతువు అన్నారు, షెన్ దూ అనే పండితుడు ప్రశస్తి రాశాడు. ఆ ఘట్టం తాలూకు పట్టు చిత్రాల ప్రతులు మిగిలాయి. వాటిలో చూస్తే పైన రాతంతా చీలిన్ గురించే, బొమ్మ మాత్రం శుభ్రంగా జిరాఫీ, పొడవు మెడ, ఒళ్లంతా గళ్లు, పగ్గం పట్టుకున్న మనిషి. పండితుడు అర్థం చూశాడు, చిత్రకారుడు జంతువుని చూశాడు.

ఏ మాటకామాట చెప్పుకోవాలి, అర్థమే అసలు విషయమైన చిత్రాలూ ఉన్నాయి. 1972లో చాంగ్షా దగ్గర మావాంగ్‌దుయ్‌లో తవ్విన సమాధిలో, క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో చనిపోయిన శిన్ జుయ్ అనే ప్రభువు భార్య శవపేటిక మీద రెండు మీటర్ల పైచిలుకు పట్టు పతాకం దొరికింది. సూర్యుడిలో కాకి, చంద్రుడిలో కప్పా కుందేలూ, వలయంలోంచి మెలికలు తిరిగిన డ్రాగన్లు. చంద్రుడిలో కుందేలు అనగానే మనకీ పరిచయమే కదా, శశాంకుడు అంటాం. అక్కడ జంతువులు పాతాళం నుంచి ఆకాశం దాకా దారి చెప్పే గుర్తులు. వాటి వెంట్రుకల గురించి అడగడం అనవసరం. బొగ్గు, తెల్ల బంకమట్టి పొరలతో సమాధిని గాలి చొరకుండా మూసేశారు కాబట్టే ఆ పట్టు మనదాకా వచ్చింది. హుయ్‌జోంగ్ సారసాల చిత్రం కూడా అలాంటిదే. 1112లో, రాజధాని కోటగుమ్మం మీద సారసాలు వాలడాన్ని శుభశకునంగా వేయించి, పక్కన రాత కూడా ఆయనే రాశాడు. ఇరవై సారసాలు, నీలాకాశం, కింద మేఘాల్లో కప్పు అంచు. మొత్తం రాజకీయమే. పదిహేనేళ్లకి రాజధాని శత్రువుల చేతికి పోయింది, ఆయన బందీగానే చనిపోయాడు. అయినా ఆ పక్షుల్లో ఒక్కటి కూడా ఇంకోదాని నకలులా ఉండదు, ఆ చిత్రం నిలిచింది అందుకే.

ఇక మీ గుడ్డ సంగతి. చీరల కొట్లో దొరికే మెత్తటి తెల్ల పట్టు ఉడకబెట్టి బంక తీసేసినది. తాగుడెక్కువ. దాని మీద నేరుగా నీటిరంగు పెడితే పాకక ఏం చేస్తుంది? పూత లేనిదే ఏ పట్టు మీదా రంగు నిలవదు.

కలంకారీలో మనం గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతాం, పాల కొవ్వు రంగుని పాకనివ్వదు. చైనా పట్టుకి ఆ పని జిగురూ పటికా కలిసి చేస్తాయి. తోలు, ఎముకల నుంచి తీసిన జిగురు దారాల సందులు పూడుస్తుంది, పటిక ఆ జిగురు మళ్లీ నీళ్లకి కరిగిపోకుండా బిగిస్తుంది. తమాషా ఏంటంటే కలంకారీలో అదే పటిక ఎర్రరంగుని దారానికి కట్టిపడేస్తుంది, ఇక్కడ రంగుని దారంలోకి పోకుండా ఆపుతుంది. పాతరోజుల్లో పట్టుని ఇంకా చాలా చేసేవారు. టాంగ్ వంశకాలం (7-10 శతాబ్దాలు) మధ్య నుంచి చిత్రకారులు పట్టుని వేడినీళ్లలో సగం ఉడికించి, పొడి పట్టించి, వెండిరేకులా అయ్యేదాకా కొట్టించేవారని సుంగ్ కాలపు చిత్రకారుడు మీ ఫూ రాశాడు. మీకంత అక్కర్లేదు.

గుడ్డ మార్చండి ముందు. పడుగూ పేకా సమానంగా ఉన్న సాదా నేత, దళసరి లేనిది, జరీ లేనిది కావాలి. అసలు పట్టు ఆర్గాంజా దొరికితే మంచిది, అందులో బంక ఇంకా ఉంటుంది. ఆర్గాంజా పేరుతో అమ్మేదాంట్లో పాలిస్టర్ చాలా ఉంది, ఒక పోగు లాగి కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడి అవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

గుడ్డని చెక్క చట్రానికి బిర్రుగా లాగి అతికించండి. జిగురుని రాత్రి చన్నీళ్లలో నానేసి, పొద్దున వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి, పొయ్యి మీద నేరుగా మరిగించకూడదు. జిగురు దొరక్కపోతే రుచీ రంగూ లేని జెలాటిన్ చాలు. పటికని వేరే నీళ్లలో కరిగించి, రెండూ చల్లారాక కలపండి. 17వ శతాబ్దపు చైనా పాఠ్యగ్రంథం ఒకటి ఎండాకాలం ఏడు పాళ్ల జిగురుకి మూడు పాళ్ల పటిక, చలికాలం పది పాళ్ల జిగురుకి మూడు పాళ్ల పటిక చెబుతుంది. మన కోస్తా ఎండలకి మొదటి లెక్కే. నీళ్లు ఎక్కువ పోసి పల్చగా కలపండి. వెడల్పు కుంచెతో ఒకసారి అడ్డంగా పూసి, ఆరాక నిలువుగా ఇంకోసారి. మూలన ఒక నీటిబొట్టు పెట్టండి. బొట్టు బొట్టులాగే నిలబడితే సరిపోయింది, ఇంకిపోతే ఇంకో పూత. పటిక ఎక్కువైతే తెల్లటి పొర తేలి కుంచె జారుతుంది, పైగా పటికలో ఉన్న పులుపు గుణం వల్ల కొన్నేళ్లకి పట్టు పెళుసెక్కి చిట్లుతుంది. కలిపిన నీళ్లు ఆ పూటకే, ఎండాకాలం మర్నాటికి కంపుకొడుతుంది.

మొదటి బొమ్మ రంగుల్లో వద్దు, సిరా ఒక్కదాంతోనే వేయండి. ఎదురుగా పిల్లి ఉంటే పిల్లే, లేకపోతే పైన చెప్పిన పిచ్చుక పిల్ల. నిద్రపోతున్న పిల్లి మంచి మోడల్, కదలదు. రంగుల్లోకి వచ్చాక తెలుపు దగ్గర జాగ్రత్త. పాత చిత్రాల్లో సీసపు తెలుపు వాడిన చోట్లు గాలిలోని గంధకానికి నల్లబడ్డాయి, అందులో విషం కూడా ఉంది. ఇప్పుడు దొరికే టైటానియం తెలుపు వాడండి, పల్చగా, వెనక వైపు నుంచి.

బొమ్మ అయ్యాక వెనక కాగితం అతికించాల్సి వస్తే ఫెవికాల్ జోలికి వెళ్లొద్దు. మైదాని నీళ్లలో కడిగి జిగట తీసేశాక అడుగున దిగిన పిండితో పల్చటి గంజి కాచి, అది వాడండి. పట్టు చిత్రానికి వెనక కాగితం శాశ్వతం కాదు, ఎప్పుడో ఒకప్పుడు ఊడదీసి కొత్తది వేయాలి. గంజయితే తడిపితే విడివడుతుంది, ఫెవికాల్ అయితే పట్టునే చింపుకుని వస్తుంది.